ఒక్క ఊపిరి ముందు

బాబాయ్ కుర్చీని అరచెయ్యంత ముందుకి జరిపి కూర్చున్నాడు. మళ్ళీ లేచి రెండు వేళ్ళంత వెనక్కి జరిపాడు. పక్కతెర అంచు ఎడమ భుజానికి తగలాలి, వేదిక మీద నిలబడ్డవాళ్ళ పెదవులు కనపడాలి, హాల్లో కూర్చున్నవాళ్ళకి మాత్రం తన ముక్కు కొన కూడా కనపడకూడదు. ముప్ఫై ఆరేళ్ళుగా చోటు అదే. కుర్చీ కాళ్ళ కింద చెక్కకి నాలుగు గుంటలు కూడా పడ్డాయి. అయినా సరే, ఆ చోటేదో ఇవాళే కనిపెడుతున్నట్టు రోజూ కాసేపు వెతుక్కోకపోతే ఆయనకి తోచదు. కుదురుకున్నాక కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, నాటకం రాతప్రతి ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు చెవి మీదకి తోసి, గొంతు ఎండకుండా నారింజరంగు గొంతుబిళ్ళ ఒకటి దవడన పెట్టుకున్నాడు.

ఆయన పని నటులకి మాటలందించడం. కాగితాల మీద ప్రాంప్టర్ అని ఉంటుంది గానీ నాటక సమాజంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన గుసగుసల బాబాయ్. సన్నటి మనిషి, పొడుగాటి మెడ, గొంతు మీద ఎముక పైకీ కిందకీ ఆడుతూ ఉంటుంది. ఆ గొంతులోంచి వచ్చే గుసగుస మూడు బారల దూరంలో ఉన్న నటుడి చెవిలో పడుతుంది, ఆరు బారల దూరంలో ఉన్న ముందు వరసకి చేరదు. ఎవరు ఎప్పుడు మాట మరిచిపోతారో వాళ్ళకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. పెద్ద వేషాలు వేసే నటుడొకాయన ఉన్నాడు, మాట జారిపోయే ముందు కుడికాలి బొటనవేలితో నేల గీకుతాడు. బొటనవేలు కదిలిందా, బాబాయ్ మాట అక్కడ సిద్ధం. సరిగ్గా ఒక్క ఊపిరి ముందు అందించాలి. ఆలస్యమైతే ఆ నటుడు నలుగురిలో నవ్వులపాలు.

ఇరవై ఆరేళ్ళ వయసులో ఆయన ఈ గుమ్మం తొక్కింది నటుడవుదామనే. నౌకరు వేషం ఇచ్చారు. "అయ్యగారూ, బండి వచ్చింది" అనాలి, అంతే. ఆ ఒక్క మాటా బ్రహ్మాండంగా అన్నాడు. చిక్కంతా తక్కిన గంటన్నరతో వచ్చింది. మూల నిలబడి అయ్యగారి మాటలకీ, అమ్మగారి మాటలకీ, ఆఖరికి తలుపవతలి నుంచి అరిచే పోలీసు మాటలకీ కూడా పెదవులు కదిపాడు. నాటకం మొత్తం నోటికొచ్చు మరి! జనం అయ్యగారి ఏడుపు వదిలేసి నౌకరు మూతి చూసి పడీపడీ నవ్వారు. "నీ నోరు తెరచాటున పెట్టుకో నాయనా, పుణ్యముంటుంది" అని అప్పటి డైరెక్టరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇక్కడ కూలేశాడు. అప్పుడు కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు లేవాల్సి వచ్చేలా ఉంది. ఈ కాలం నటులు చెవిలో గింజంత యంత్రం పెట్టుకుంటున్నారు, మాటలన్నీ అందులోనే వినపడతాయి. కిందటి నెల మేనేజరు పిలిచి, "ఇంక విశ్రాంతి తీసుకోండి బాబాయ్" అన్నాడు, ఏదో వరమిస్తున్నట్టు మొహం పెట్టి. డైరెక్టరమ్మ అడ్డుపడింది. ఈ శుక్రవారం చూపులేని పిల్లలకీ వినపడని పిల్లలకీ కలిపి ఒకే హాల్లో ఒక హాస్యనాటకం వేస్తున్నారు. చూపులేని పిల్లల చెవులకి ఇయర్‌ఫోన్లు పెడతారు. వేదిక మీద ఎవరేం చేస్తున్నారో మాటల సందుల్లో ఒకరు వాళ్ళకి మెల్లగా చెప్పాలి. "చెవిలో మాట్లాడటానికే పుట్టిన గొంతు మనింట్లో ఉండగా బయటివాళ్ళెందుకు?" అని ఆవిడ వాదించింది. శుక్రవారం బాగా జరిగితే ఇలాంటి నాటకాలన్నిటికీ బాబాయే. లేకపోతే ఇంటికే.

ఇంటికెళ్ళాలంటే ఆయనకి భయం. తిండికి లోటుండదు, భార్య మంచిదే. కానీ ఇంట్లో కూర్చుని ఎవరికి మాటందించాలి? ఆవిడకా? ఆవిడ జన్మలో మాట తడుముకున్న మనిషి కాదు.

మంగళవారం పొద్దున పదకొండింటికి, రిహార్సలు చూడమని బడి నుంచి ఇరవై మంది పిల్లల్ని తీసుకొచ్చారు. ఎడమవైపు వరసల్లో చూపులేని పిల్లలు కూర్చున్నారు. ఇయర్‌ఫోన్లు తడుముకుంటూ, కుర్చీల చేతులు కొలుచుకుంటూ, ఈ హాలు పైకప్పు ఎత్తుగా ఉందని చిటికెలేసి కనిపెట్టేసి గోలగోలగా ఉన్నారు. కుడివైపు వినపడని పిల్లలు, అంతకన్నా గోలగా, చేతులతో. వాళ్ళకెదురుగా వేదిక అంచున ఒక దీపం కింద సైగల టీచరు నిలబడింది. చేతులు స్పష్టంగా కనపడటానికి మెడ నుంచి మడమ దాకా నల్లబట్టలేసుకుంది. నటులు పలికిన ప్రతి మాటనీ ఆవిడ చేతుల్లోకి మార్చాలి.

నాటకం కథ చిన్నది. ఒక ఇంట్లో ఒక చిన్న దొంగ దూరతాడు. కాసేపటికి కిటికీలోంచి ఒక పెద్ద దొంగ దిగుతాడు. ఎదుటివాడే ఇంటాయన అని ఇద్దరూ అనుకుని, చుట్టాల్లా నటిస్తూ ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ చచ్చీచెడీ తెల్లారేదాకా గడుపుతారు.

బాబాయ్ మెడలో మైకు తగిలించుకుని మొదలుపెట్టాడు. "కిటికీ తెరుచుకుంది. ఒక లావాటి కాలు లోపలికొచ్చింది. చెప్పు లేదు. రెండో కాలు ఇరుక్కుంది." ఎడమవైపు పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన గొంతెముక సంతోషంతో ఓసారి పైకీ కిందకీ ఆడింది. బాగానే ఉంది, చాలా బాగుంది. పెద్ద దొంగ తల దువ్వుకుని, చిన్న దొంగకి దణ్ణం పెట్టి, తాను దూరి వచ్చిన కిటికీ వైపు మర్యాదగా నడిచాడు. నటుడు మాట కోసం నోరు తెరవబోయాడు. అంతే, ముప్ఫై ఆరేళ్ళ అలవాటు బాబాయ్ నోట్లోంచి తన్నుకొచ్చింది.

"కిటికీ వేసేస్తానండీ, ఈ మధ్య దొంగల భయం ఎక్కువగా ఉంది."

ఎడమవైపు పిల్లలు ఘొల్లుమన్నారు. నటుడింకా నోరు తెరవలేదు! ఎందుకు నవ్వారో తెలియక పాపం అతను గబుక్కున ప్యాంటు జిప్పు చూసుకున్నాడు. తర్వాత ఎలాగో తేరుకుని ఆ మాటే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు సైగల టీచరు ఆ మాట విని, చేతులతో కిటికీ వేసి, దొంగని చూపించి, మొహంలో భయం పెట్టేసరికి ఇద్దరు దొంగలూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఖాళీ వేదికని చూసి కుడివైపు పిల్లలు ఘొల్లుమన్నారు. ఎడమవైపు పిల్లలు ఉలిక్కిపడి, "ఏమైంది, ఏమైంది?" అని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు.

మొదటి అంకమంతా అదే వరస. బాబాయ్ నాలుక కరుచుకోవడం, రెండు నిమిషాలు ఓర్చుకోవడం, మళ్ళీ నటుడు ఊపిరి తీసుకోగానే మాట జారవిడవడం. ఒక వైపు ముందు నవ్వుతారు, ఒక వైపు వెనక నవ్వుతారు, మధ్యలో నటులు వెర్రిమొహాలేసుకుని నిలబడతారు. పెద్ద దొంగ వేషం వేసినాయన తెరచాటుకొచ్చి చేతులు జోడించాడు. "నా మాట నన్ను చెప్పనివ్వండి బాబాయ్. మీకో దణ్ణం."

భోజనాల వేళ డైరెక్టరమ్మ దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఎవరినీ నొప్పించడం చేతకాదు, అందుకే నొప్పించాల్సి వచ్చినప్పుడు ఆవిడ గొంతు మరీ మెత్తగా అయిపోతుంది.

"బాబాయ్, ఎవరితోనైనా చదివించి రికార్డు చేయించేద్దాం. మీకూ శ్రమ తప్పుతుంది."

"నాకేం శ్రమ తల్లీ" అన్నాడు బాబాయ్.

"మరి మాటలు జారిపోతున్నాయి కదా."

"జారిపోతున్నాయి" అని ఒప్పుకున్నాడు ఆయన. ఒప్పుకోక ఏం చేస్తాడు! టిఫిన్ బాక్సు మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. ఏడవాలని లేదు గానీ, ఎవరైనా పలకరిస్తే ఏడ్చేలా ఉన్నాడు.

పలకరించనే పలకరించింది ఒక పిల్ల. పన్నెండేళ్ళుంటాయేమో, రెండు జడలు, చేతిలో తెల్ల కర్ర. వేదిక పక్క మెట్లు కర్రతో లెక్కపెట్టుకుంటూ ఎక్కొచ్చేసింది.

"చెవిలో మాట్లాడిన తాతయ్య మీరేనా?"

"నేనేనమ్మా. ఎలా కనిపెట్టావ్?"

"ఇప్పుడు మాట్లాడారుగా." ఆ పిల్ల తెలివితక్కువ వాళ్ళకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. తర్వాత కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడింది. "మీరు చెప్తే మాకే ముందు తెలిసిపోయింది తాతయ్యా. ఎప్పుడూ మేమే లాస్టు. అందరూ నవ్వుతారు, ఏమైందని పక్కవాళ్ళని అడుగుతాం, వాళ్ళు చెప్పాక మేం నవ్వేసరికి అందరూ ఆపేస్తారు. ఇవాళ మేం ఫస్టు!"

బాబాయ్‌కి ఇంకా వినాలనిపించింది. "బాగుందా మరి?" అన్నాడు.

పిల్ల కాస్త ఆలోచించింది. "ముందు బాగుంది. తర్వాత చూస్తే మేమే నవ్వుతున్నాం, ఇంకెవరూ లేరు. లాస్టులో కూడా అలాగే ఉంటుంది."

అని చక్కా దిగిపోయింది. బాబాయ్ ఒళ్ళో ఉన్న రాతప్రతి మూసేశాడు. ఆ పిల్ల అన్న మాటలో ఆయన ముప్ఫై ఆరేళ్ళూ ఉన్నాయి. ప్రతి మాటా అందరికన్నా ముందు తను అనేసి, హాలంతా నవ్వే వేళకి తర్వాతి మాట కోసం పేజీలో మునిగిపోయేవాడు. ఇన్నేళ్ళలో వందల హాస్యనాటకాలు నడిపించాడు, ఒక్కదానికీ నవ్విన గుర్తులేదు. ఆ సంగతి ఇప్పటిదాకా ఆయనకి తట్టనే లేదు.

దీపం కింద సైగల టీచరు మణికట్లు నొక్కుకుంటూ కూర్చుని ఉంది. బాబాయ్ లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. తెరచాటు దాటి వేదిక మీదకి ఆయన నడిచి రావడం చూసి లైట్లాయన నిచ్చెన మీదే ఆగిపోయాడు.

"మీ చేతులు వెనకబడుతున్నాయెందుకమ్మా?"

"ఏం చెయ్యమంటారు బాబాయ్‌గారూ! వాళ్ళు అన్నాక నేను వినాలి, విన్నాక చెయ్యాలి. మాట గబుక్కున అయిపోతుంది, చెయ్యి అలా కాదు. ఎంత తొందరపడినా రెండు ఊపిర్లు వెనకే." ఆవిడ నిట్టూర్చింది. "నాకెవరైనా కాస్త ముందు చెప్తే..." అని, తలెత్తి ఆయన మొహం చూసి ఆగిపోయింది.

బాబాయ్ మొహం వెలిగిపోతోంది. "ముందు చెప్పడమేగా! నాకొచ్చిన పని అదొక్కటే."

మైకుల మేస్త్రీ గొణుక్కుంటూనే సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తెచ్చి మీట బిగించి ఇచ్చాడు. మీట పైకి ఉంటే బాబాయ్ గొంతు పిల్లలకి. కిందకి నొక్కితే సైగల టీచరు చెవికి మాత్రమే. అంటే, నటులకి అక్కర్లేకపోయిన మాటలు ఇప్పుడు ఆవిడకి అందించాలి, పిల్లలకి మాత్రం కళ్ళకి కనపడే సంగతులే చెప్పాలి. ఆ మాట దొంగ నోటి నుంచి వచ్చేదాకా వాళ్ళ చెవిలో కిక్కురుమనకూడదు. చెప్పుకోవడానికి సులువే. డైరెక్టరమ్మ గడియారం చూసుకుని, "ఒక్కసారి. మళ్ళీ మొదటి నుంచి ఒక్కసారి చూద్దాం బాబాయ్. కుదరకపోతే రికార్డే" అంది.

మొదట్లో తలప్రాణం తోకకొచ్చింది. ఒకసారి మీట తారుమారు చేసి, "కాలు ఇరుక్కుంది" అన్నది టీచరుకి, టీచరుకి చెప్పాల్సింది పిల్లలకి పంపేశాడు. ఆవిడ నల్లబట్టల్లో నిలబడి, ఎవరి కాలో తెలియక తన కాలు చూసుకుంది. కుడివైపు పిల్లలు నవ్వారు గానీ అది నాటకంలో లేని నవ్వు. బాబాయ్‌కి చెమటలు పట్టాయి. రాతప్రతిలో ఒక్కో మాట పక్కన పెన్సిలుతో కింద గీత, పైన గీత పెట్టుకుంటూ, వేలు మీట మీంచి తియ్యకుండా, మెల్లమెల్లగా దార్లో పడ్డాడు. నొక్కు, చెప్పు, వదులు, నోరు మూసుకో. ఆ నోరు మూసుకోవడమే కష్టం. మాట తెలుసు, నాలుక చివర ఉంది, అయినా మింగెయ్యాలి.

కిటికీ ఘట్టం వచ్చింది. పెద్ద దొంగ దణ్ణం పెట్టాడు. "తాను దూరి వచ్చిన కిటికీ దగ్గరికే, ఇంటాయనలా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు" అని పిల్లలకి చెప్పి, మీట నొక్కి, టీచరుకి మాటందించి, మీట వదిలేశాడు. టీచరు చేతులు లేచాయి. పెద్ద దొంగ ఊపిరి పీల్చాడు. బాబాయ్ పెదవులు పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు.

"కిటికీ వేసేస్తానండీ" అన్నాడు పెద్ద దొంగ. "ఈ మధ్య దొంగల భయం ఎక్కువగా ఉంది."

హాలు ఒక్కసారిగా పగిలింది. కుడీ ఎడమా తేడా లేదు. నోటితో నవ్వేవాళ్ళు, ఒళ్ళంతా ఊపేసుకునేవాళ్ళు, కుర్చీలు బాదేవాళ్ళు. పళ్ళ మధ్య బిగించిన పెదవులు బాబాయ్ మాట వినలేదు. ఆ మాట ఆయనకి కొన్ని వందల సార్లు చదివిన మాటే. కానీ పేజీలోకి తల దించకుండా, ఇంకొకరు అంటుండగా వినడం ఇదే మొదటిసారి. ముందు ముక్కులోంచి ఒక చప్పుడొచ్చింది, తర్వాత భుజాలు ఎగిరాయి, తర్వాత ఇంక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. మీట పైకే ఉంది. తాతయ్య నవ్వు చెవిలో వినపడి ఎడమవైపు పిల్లలు మళ్ళీ నవ్వారు.

అయిపోయాక కుడివైపు పిల్లలంతా చేతులు పైకెత్తి ఊపారు. బాబాయ్ మైకులో చెప్పాడు: "అవతలి వైపు పిల్లలు చేతులెత్తి వేళ్ళన్నీ ఆడిస్తున్నారు. వాళ్ళకి చప్పట్లంటే అవే." ఒక క్షణం ఆగి ఎడమవైపు చేతులు కూడా ఒక్కొక్కటే లేచాయి. కొన్ని తిన్నగా, కొన్ని పక్కవాళ్ళ మొహాలకి తగులుతూ. రెండు జడల పిల్ల అందరికన్నా ఎత్తుగా ఊపింది. అవతలివాళ్ళు అది చూసి కేరింతలు కొట్టారు.

డైరెక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "శుక్రవారం మీరే బాబాయ్. ఆ తర్వాత కూడా మీరే. మేనేజరుకి నేను చెప్పేశాను."

బాబాయ్ తల మాత్రం ఊపాడు. మాట్లాడితే గొంతు గట్టిగా వచ్చేలా ఉంది.

ఇంటికెళ్ళి చెప్పులు విడుస్తూనే, "ఏమేవ్, ఇవాళ నేను నవ్వానే!" అని కేకేశాడు. వంటింట్లోంచి భార్య గరిటెతో సహా వచ్చేసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఇంట్లోనూ గుసగుసలే. 'మా ఆయన నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు, అన్నా నాకు వినపడలేదు' అని ఆవిడ ఇరుగుపొరుగుకి చెప్తూ ఉంటుంది.

"ఏంటీ, ఇవాళ గొంతు వంటింటిదాకా వచ్చింది?"

ఆయన కూర్చోబెట్టి కిటికీ మాట చెప్పాడు. దొంగలా నడిచి చూపించాడు, ఎడమవైపు నవ్వు, కుడివైపు నవ్వు చూపించాడు. ఆవిడ నాటకానికి కాదు గానీ ఆయన వాలకానికి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "శుక్రవారం నువ్వూ రా" అన్నాడు. "నాకెక్కడ కుదురుతుంది" అని, మళ్ళీ తనే, "సరే వస్తాలెండి" అంది ఆవిడ. ఆ తర్వాత ఇద్దరూ తిని, తలుపులు వేసుకుని పడుకున్నారు.

బుధవారం పొద్దున ఆవిడ కాఫీ తెచ్చి పిలిచింది. బాబాయ్ పలకలేదు. పలికినా వినపడకపోవడం అలవాటే కదా, ఆవిడ కప్పు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత వంగి, చెయ్యి పట్టుకు చూసింది. నిద్రలోనే ఎప్పుడో వెళ్ళిపోయాడు.

నాటకం వాయిదా వేద్దామా అని ఒకరన్నారు. సైగల టీచరు వద్దంది. బాబాయ్ భార్యని అడిగితే, "వెయ్యండమ్మా, ఆయన నన్ను రమ్మన్నారు కదా" అంది. శుక్రవారం రెండు వందల మంది పిల్లలొచ్చారు. ఆవిడ ఆఖరి వరసలో, కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

తెరచాటు కుర్చీలో డైరెక్టరమ్మ కూర్చుంది. నాటకం అణువణువూ తనే తీర్చిదిద్దింది, అయినా మొదట్లో ప్రతి మాటకీ వెనకబడింది. దీపం కింద టీచరు చేతులు గాలిలో ఎదురుచూడటం కనపడి ఆవిడకి సిగ్గేసింది. నటుల మొహాలు చూడటం మానేసి ఛాతీలు చూడటం మొదలుపెట్టాక, ఎవరు ఎప్పుడు ఊపిరి తీసుకుంటున్నారో పట్టుకున్నాక, దారి దొరికింది. ఇన్నేళ్ళూ ఈ మూల ఎంత పని జరిగిందో తనకి తెలియనే తెలియదని ఆవిడ అనుకుంది.

కిటికీ ఘట్టం వచ్చింది. పెద్ద దొంగ చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. ఆవిడ పేజీ తిప్పబోయింది. పేజీ రాలేదు. రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వేదిక మీద ఊపిరి లేస్తోంది, ఇంక చూసుకునే వ్యవధి లేదు. మీట నొక్కి, పేజీ చూడకుండానే మాట టీచరుకి అందించేసి, మీట వదిలి, పెదవులు బిగించింది. దొంగ ఆ మాట అన్నాడు. రెండు వందల మంది ఒక్కసారే నవ్వారు. ఆఖరి వరసలో కొంగు వెనక నుంచి ఒక నవ్వు, కాస్త ఏడుపు కలిసినది, అందరితో పాటే వినపడింది.

ఆ నవ్వుల హోరు తగ్గేలోగా డైరెక్టరమ్మ గోటితో పేజీలు మెల్లగా విడదీసింది. బాబాయ్ రోజూ దవడన పెట్టుకునే గొంతుబిళ్ళ ఒకటి, మంగళవారం నవ్వులో నోట్లో వేసుకోవడం మరిచిపోయింది, నారింజరంగుది, కిటికీ మాట పక్కన పెన్సిలు గీత మీద మెత్తబడి అతుక్కుని ఉంది.